పిక్క నుంచి పొగగొట్టం దాకా

జీడిపిక్క తొక్కకి రెండు పొరలు. ఆ రెండింటి మధ్య తేనెపట్టులో ఉన్నట్టు చిన్నచిన్న గదులు, వాటి నిండా ముదురు గోధుమరంగు నూనె. మామిడికాయ తొడిమ సొన పెదవికి తగిలితే ఎలా పొక్కుతుందో తెలిసినవాళ్లకి ఈ నూనెను వేరే పరిచయం చెయ్యక్కర్లేదు. రెండూ ఒకే కుటుంబపు చెట్లు. బట్టల మీద చెరగని గుర్తు పెట్టడానికి రజకులు వాడిన నల్లజీడిదీ ఆ కుటుంబమే. తొక్క బరువులో పావు వంతు నుంచి మూడో వంతు దాకా ఈ నూనే ఉంటుంది. చర్మానికి తగిలితే కాలుస్తుంది, మంటలో పడితే ఘాటైన నల్లటి పొగై కళ్లు మండిస్తుంది. పిండి, డబ్బాల్లో నింపి అమ్మితే మాత్రం రంగులు, రెజిన్లు, బండ్ల బ్రేకు లైనింగులు చేసేవాళ్లు డబ్బిచ్చి కొనుక్కుపోతారు.

శ్రీకాకుళం జిల్లా పలాస–కాశీబుగ్గలో జీడి ఫ్యాక్టరీలు వందల్లో ఉన్నాయి. చుట్టుపక్కల ఉద్దానం తోటల పిక్కలు చాలక ఆఫ్రికా పిక్కలు కూడా ఓడల్లో దిగుమతై ఇక్కడికి చేరతాయి. ఇలాంటి ఫ్యాక్టరీకి భద్రతా ఆడిట్ ఒక ఫైలు, పర్యావరణ ఆడిట్ ఇంకో ఫైలు. మొదటిది ఫ్యాక్టరీల శాఖ వైపు, రెండోది కాలుష్య నియంత్రణ మండలి వైపు పోతుంది. నూనెకి ఈ శాఖల గొడవ తెలియదు. కటింగ్ బల్ల దగ్గర చేతిని కాల్చిన నూనే బాయిలర్ పొయ్యిలో పడి పక్క వీధి వాళ్లను దగ్గిస్తుంది. చేయి తిరిగిన ఆడిటర్‌ను గుర్తుపట్టేది ఇక్కడే. ఆయన విభాగాల వారీగా తిరగరు, సరుకు వెంట నడుస్తారు. గోడౌన్‌లో దిగిన బస్తాతో మొదలుపెట్టి ఆవిరి, కటింగ్, బోర్మా (పప్పును ఆరబెట్టే వేడి గది), పొట్టు తీత, గ్రేడింగ్, ప్యాకింగ్ మీదుగా వెళ్లి, చివర్న తొక్కల గుట్ట దగ్గర ఆగుతారు. అందరూ మర్చిపోయే చోటు ఆ గుట్టే. ఆయన ఎక్కువసేపు ఉండేదీ అక్కడే.

భద్రతా ఆడిట్ ఎలా చెయ్యాలో చెప్పే భారతీయ ప్రమాణం ఐఎస్ 14489. 1998లో వచ్చి 2018లో సవరణ పొందింది. కాగితాలు చూడటం, స్థలమంతా తిరగడం, మనుషులతో మాట్లాడటం, నివేదిక రాయడం అనే వరస అందులో ఉంది. వరస ఎవరైనా పాటించవచ్చు. ఏ వస్తువు ముందు ఎంతసేపు నిలబడాలో మాత్రం ఏ ప్రమాణమూ నేర్పదు.

బాయిలర్ సంగతి చూద్దాం. పిక్కల్ని ఒత్తిడి ఆవిరిలో కొన్ని నిమిషాలు ఉడికించి, రాత్రంతా ఆరబెడితే తొక్క పెళుసెక్కుతుంది, లోపలి పప్పు తొక్క నుంచి విడివడుతుంది. ఆ ఆవిరి కోసమే చిన్న బాయిలర్. 1923 నాటి బాయిలర్ల చట్టం పోయి 2025లో కొత్త చట్టం వచ్చింది. గేజ్ గ్లాసు మాత్రం పాతదే. బాయిలర్ పక్కన నిలువుగా ఉండే గాజు గొట్టం అది. లోపల నీళ్లు ఎంత ఎత్తున ఉన్నాయో అందులో కనిపిస్తుంది. దానికి మూడు కాక్‌లు. పైది ఆవిరి దారి, మధ్యది నీటి దారి, అడుగుది డ్రెయిన్. గ్లాసులో నీళ్లు కనిపించగానే తృప్తిపడి టిక్కు పెట్టేసేవాళ్లు ఉన్నారు. నేర్పరి అయిన ఆడిటర్ ఆపరేటర్‌ని పిలిచి "ఒకసారి ఊదించండి" అంటారు. నీటి కాక్ మూసి డ్రెయిన్ తెరిస్తే ఆవిరి బుస్సుమని రావాలి. వస్తే పైదారి బాగున్నట్టు. ఆవిరి కాక్ మూసి నీటి కాక్ తెరిస్తే ఈసారి నీళ్లు ఎగచిమ్మాలి. చిమ్మితే కిందిదారి బాగున్నట్టు. ఆఖర్న ఆవిరి కాక్ తెరిచి డ్రెయిన్ మూస్తే నీటిమట్టం గ్లాసులో చటుక్కున లేచి నిలవాలి. మెల్లగా పాకుతూ లేచిందంటే నీటి దారిలో సున్నం పేరుకుందన్నమాట. బోరు నీళ్లతో నడిచే బాయిలర్లకి ఇది కొత్త జబ్బేం కాదు. దారి పూర్తిగా పూడిపోతే, లోపల నీళ్లు ఇగిరిపోయినా గ్లాసులో మాత్రం పాత మట్టమే నిలిచి కనిపిస్తుంది. ఆ అబద్ధపు మట్టాన్ని చూసి పొయ్యి ఎగదోస్తే ట్యూబులు ఎర్రగా కాలతాయి. అప్పుడు ఎవరైనా చన్నీళ్లు వదిలితే బాయిలర్ పేలే ప్రమాదం ఉంది.

దీనికి మించిన అందం వెనక కాపలా పెట్టిన తీరులో ఉంది. గ్లాసు మోసం చేస్తే పట్టుకోవడానికి చాలా బాయిలర్లలో పొయ్యి పైభాగాన ఫ్యూజిబుల్ ప్లగ్ ఉంటుంది. నీటి కింద మునిగి ఉన్నంతకాలం అందులోని మెత్తటి లోహం గట్టిగా ఉంటుంది. నీళ్లు దిగిపోగానే కరిగిపోతుంది, ఆ రంధ్రం గుండా ఆవిరి దూసుకొచ్చి పొయ్యి మీద పడుతుంది. కరెంటు లేదు, మనిషి లేడు. నీళ్లు లేకపోవడమే తన పొయ్యిని తాను అణచుకుంటుంది. ఒత్తిడి హద్దు మీరితే దానికి వేరే కాపలా, అప్పుడు సేఫ్టీ వాల్వు తెరుచుకోవాలి. ఆడిటర్ అడిగే ప్రశ్న ప్రతి మెట్టు దగ్గరా ఒకటే: ఇది పని చెయ్యకపోతే తర్వాత పట్టుకునేది ఏది?

కొలిచే సాధనం నిజం చెబుతూనే తప్పు చోట కొలిస్తే ఏమవుతుందో మన రాష్ట్రం చూసింది. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి ఎగసి 12 మంది చనిపోయారు. ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ తేల్చినవాటిలో ఒకటి ట్యాంకులో ఉష్ణోగ్రత కొలిచే సాధనం అడుగున మాత్రమే ఉండటం. పైపొరల్లో వేడి రాజుకుంటుంటే అడుగున చల్లటి అంకె కనిపించింది. ఆ ట్యాంకుకీ జీడి బాయిలర్ గ్లాసుకీ పరిమాణంలో పోలికే లేదు. ప్రశ్న మాత్రం ఒక్కటే.

బాయిలర్ దాటి కటింగ్ షెడ్డులోకి వస్తే చప్పుడు మారుతుంది. పిక్క ఆకారానికి వంచిన రెండు బ్లేడ్లు, ఒక చేతి లివరు, కింద కాలి పెడల్. ఒకామె పిక్కను బ్లేడ్ల మధ్య నిలబెట్టి తొక్కను చీలుస్తుంటే, పక్కనామె సూదిమొన పనిముట్టుతో పప్పును విరగకుండా ఒలుస్తుంది. గుండుకి ఒక ధర, బద్దకి ఒక ధర, ముక్కకి ఇంకో ధర. కాబట్టి వేళ్లకి స్పర్శ తెలియాలి. నాసిరకం ఆడిట్ ఇక్కడ "కార్మికులు గ్లవుజులు ధరించడం లేదు" అని ఒక్క వాక్యం రాసి ముందుకు పోతుంది. మంచి ఆడిట్ ఎందుకు ధరించడం లేదో చూస్తుంది. కూలి కిలో లెక్కన. మందపాటి గ్లవుజు వేసుకుంటే పప్పు విరుగుతుంది, తూకం తగ్గుతుంది. అందుకే చేతులకి బూడిదో ఆముదమో రాసుకుని కూర్చుంటారు. వాళ్లది నిర్లక్ష్యం అని నేనైతే అనలేను. నూనె చర్మానికి నేరుగా అంటకుండా వాళ్లు తమకు తాముగా కనిపెట్టుకున్న పొర అది. దాన్ని తీసెయ్యమనే ముందు దానికంటే మంచిది చూపించాలి. వేళ్ల కొసలు తెలిసేంత పల్చటి గ్లవుజు, బల్ల అంచున నూనె కారిపోయే కాలువ, చేతులు కడుక్కునే చోట సబ్బు. యంత్రాలు తెస్తే చేతికీ నూనెకీ మధ్య దూరం పెరుగుతుంది, నిజమే. కానీ తిరిగే షాఫ్టులు, వేళ్లను లాక్కునే బెల్టు సందులు కొత్తగా వస్తాయి. వాటికి కంచె కావాలి.

తాగునీళ్ల సంగతి వేరే చెప్పాలి. 2025 దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 18వ సెక్షన్ ఒక కొలత పెట్టింది: తాగునీటి కుళాయి మరుగుదొడ్డికి గాని, మురుగు కాలువకి గాని 6 మీటర్ల లోపు ఉండకూడదు. పైగా అది తాగునీరని ఎక్కువమంది కార్మికులకు అర్థమయ్యే భాషలో రాసి పెట్టాలంది. ఒడిశా సరిహద్దున ఉన్న ఈ మండలాల్లో ఆ బోర్డు ఒక్కోసారి తెలుగుతో పాటు ఒడియాలోనూ ఉండాలి. కిడ్నీ జబ్బు ఎందరినో పీడిస్తున్నా దాని అసలు కారణం ఇంకా తేలని ఉద్దానంలో, వేడి షెడ్డులో చెమటోడ్చి పనిచేసేవాళ్లు షిఫ్టులో ఎన్నిసార్లు లేచి నీళ్లు తాగగలుగుతున్నారో అడగడం మర్యాదకి అడిగే ప్రశ్న కాదు.

ఇక తొక్కల గుట్ట. ఇక్కడ ఆడిటర్ పెన్ను తీస్తారు. ఉద్దానంలో పిక్కల బేరం 80 కిలోల బస్తా లెక్కన. బస్తాకి పప్పు సుమారు 22 కిలోలు దిగుతుంది. పొట్టు, తేమ కింద కొంత పోగా, మిగిలిన 50 కిలోలకి పైగా తొక్కే. రోజుకి వంద బస్తాలు ఆడే ఫ్యాక్టరీలో ఐదు టన్నులకి పైగా తొక్క, అందులో టన్నుకి పైగా నూనె. ఈ లెక్క పక్కన మూడు పుస్తకాలు పెట్టి చూస్తారు: తొక్క అమ్మిన బిల్లులు, బాయిలర్‌కి కట్టెలు కొన్న బిల్లులు, ఆవిరి వాడకం. తొక్కంతా ఆయిల్ మిల్లుకి అమ్మేశామని ఒక పుస్తకం చెబుతూ, కట్టెల బిల్లు నెలల తరబడి ఖాళీగా ఉంటే, బాయిలర్ దేనితో మండింది? పొగగొట్టం వైపు తలెత్తి చూడకుండానే జవాబు దొరుకుతుంది. నూనె తీయని పచ్చి తొక్కని పొయ్యిలో వేస్తే గాలి చాలక నూనె సగం మండి సగం పొగౌతుంది. ముందు ఎక్స్‌పెల్లర్‌లో నూనె పిండి, ఆ పిప్పిని మండిస్తే పొగ పల్చబడుతుంది, నూనె అమ్మకం లాభానికి చేరుతుంది. పర్యావరణ నివేదిక కోసం ఏటా సెప్టెంబరు 30లోగా మండలికి పంపే ఫారం–5 కూడా ఈ దారిలోనే నడుస్తుంది. టన్ను సరుకుకి ఎంత నీళ్లు, ఎంత ముడిసరుకు, ఎంత వ్యర్థం అని అడుగుతూ పోయి, కాలుష్యం తగ్గించే చర్యల వల్ల ఉత్పత్తి ఖర్చు ఎలా మారిందో చెప్పమంటుంది. ఆ గడిలో చాలామంది "లేదు" అని రాసి పంపేస్తారు. జీడి ఫ్యాక్టరీ యజమాని రాయడానికి అంతకంటే ఆసక్తికరమైన గడి ఆ ఫారంలో ఇంకోటి లేదు.

పొగను కొలవడంలోనూ నేర్పుంది. సాధారణ నియమం ప్రకారం గంటకి రెండు టన్నుల లోపు ఆవిరి చేసే బాయిలర్‌కి పొగగొట్టం కనీసం 9 మీటర్లు గాని, పక్క భవనం ఎత్తుకి రెండున్నర రెట్లు గాని, ఏది ఎక్కువైతే అంత ఉండాలి. అందులో నమూనా తీసే రంధ్రం ఎక్కడ పడితే అక్కడ పెట్టకూడదు. కింది వంపు నుంచి గొట్టం వ్యాసానికి ఎనిమిది రెట్లు పైన, పై అంచుకి రెండు రెట్లు కింద ఉంటేనే లోపల పొగ సుడులు తిరగకుండా సాఫీగా పోతుంది. అసలు ఒడుపు పంపుతో నమూనా లాగే నాజిల్‌లో ఉంది. గొట్టంలో పొగ ఎంత వేగంతో పైకి పోతోందో, నాజిల్‌లోకీ అదే వేగంతో లాగాలి. తక్కువ వేగంతో లాగితే గాలి పక్కకి తప్పుకుంటుంది గాని, బరువైన మసి రేణువులు తప్పుకోలేక నాజిల్‌లో పడతాయి, లెక్క ఎక్కువొస్తుంది. ఎక్కువ వేగంతో లాగితే పక్క గాలి కూడా వచ్చేస్తుంది, దాని మసి మాత్రం తన దారిన పైకి పోతుంది, లెక్క తక్కువొస్తుంది. నమూనా తీసేవాడి నిజాయితీ ఆ పంపు మీటరు మీద ఉందంటే అతిశయోక్తి కాదు. ఏ వేళప్పుడు తీశారన్నదీ ముఖ్యమే. పొయ్యి నిలకడగా మండే వేళ తీసిన అంకె, కొత్తగా తొక్క వేసిన వేళ తీసిన అంకె ఒకటి కావు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది కాబట్టి, ఇక్కడి ఆడిటర్ గొట్టాన్ని నిలబెట్టిన తాళ్లు, పునాది బోల్టులు కూడా చేత్తో ముట్టి చూస్తారు.

అదే జిల్లాలో టెక్కలి వైపు వెళ్తే సరుకు మారుతుంది, పద్ధతి అదే. గ్రానైట్ క్వారీలో వెంట నడవాల్సింది రాతి దుమ్ము. అందులోని క్వార్ట్జ్ కణాలు ఊపిరితిత్తుల అడుగుకి చేరి సిలికోసిస్ తెస్తాయి. దాన్ని పట్టడానికి కార్మికుడి కాలరుకి చిన్న సైక్లోన్ తగిలిస్తారు, నడుముకి పంపు. నిమిషానికి 2.2 లీటర్ల గాలి లోపలికి వెళ్లి గిర్రున తిరుగుతుంది. ఊపిరితిత్తుల దాకా పోలేని పెద్ద రేణువులు గోడకి కొట్టుకుని కింద పడతాయి, సన్నవి మాత్రం ఫిల్టర్ మీదికి చేరతాయి. ముక్కూ గొంతూ చేసే పనినే వేలెడంత లోహపు గొట్టం చేస్తుంది. ఎనిమిది గంటలకి దాని గుండా వెళ్లే గాలి ఘనపు మీటరు కంటే కొంచెమే ఎక్కువ. రాయి కోసే ఫ్యాక్టరీలకి 1948 చట్టం రెండో షెడ్యూలు దుమ్ము పరిమితిని స్థిరమైన అంకెగా చెప్పలేదు. దుమ్ములో క్వార్ట్జ్ శాతానికి 2 కలిపి, దానితో 10ని భాగించమంది. క్వార్ట్జ్ 10 శాతమైతే ఘనపు మీటరుకి 0.83 మిల్లీగ్రాములు, 30 శాతమైతే 0.31. రాయి ఎంత ప్రమాదకరమో పరిమితి అంత బిగుసుకుంటుంది. అంటే 30 శాతం రాయి దగ్గర ఒక మనిషి షిఫ్టు మొత్తం తీర్పు ఫిల్టర్ మీద మిల్లీగ్రాములో మూడో వంతు బరువుపై ఆధారపడుతుంది. సముద్రపు తేమకే ఫిల్టర్ బరువు మారొచ్చు. అందుకే ఏ దుమ్మూ తగలని ఖాళీ ఫిల్టర్‌ను కూడా అదే పెట్టెలో తీసుకెళ్లి తెచ్చి, దాని మార్పును లెక్కలోంచి తీసేస్తారు.

దుమ్ము కాని ప్రమాదాలూ ఉన్నాయి. ఉక్కు తాడుకి వజ్రపు పూసలు గుచ్చిన డైమండ్ వైరు రాతి చుట్టూ వేగంగా తిరుగుతూ కోస్తుంది. అది తెగితే పూసలు తూటాల్లా, తాడు తిరిగే తలంలోనే దూసుకుపోతాయి. ఆడిటర్ నిలబడే చోటు చూస్తే చాలు, ఆయనకి పని తెలుసో లేదో చెప్పెయ్యవచ్చు.

చివరికి ఇదంతా నివేదికలో రెండు వాక్యాలుగా మిగులుతుంది. "బాయిలర్ విభాగంలో నిర్వహణ మెరుగుపరచాలి" అని రాస్తే దాని మీద ఎవరూ ఏమీ చెయ్యలేరు. "గేజ్ గ్లాసు నీటి కాక్ రెంచీ లేకుండా తిరగడం లేదు, ఊదించినప్పుడు మట్టం ఆలస్యంగా లేచింది, కాక్ విప్పి సున్నం తీసి, రోజూ షిఫ్టు మొదట్లో ఊదించి లాగ్ బుక్కులో సంతకం చెయ్యాలి, బాధ్యత బాయిలర్ ఆపరేటర్‌ది, గడువు ఈ నెలాఖరు" అని రాస్తే పని ఎవరిదో, ఎప్పటికో తేలిపోతుంది. మరుసటి ఏడు వచ్చే ఆడిటర్ మొదట అడిగేది ఆ లాగ్ బుక్కునే. అందులో సంతకాలన్నీ ఒకే పెన్నుతో, ఒకే రోజు పెట్టినట్టుంటే, మాట్లాడకుండా బాయిలర్ దగ్గరికి నడిచి మళ్లీ ఊదించమంటారు.