ఆయిల్‌కు తిరుగుదారి వేసే మేస్త్రీలు

పాతిక హెచ్‌పీ లోపు చిన్న ట్రాక్టరు కొన్న రైతుకి మొదటి ఏడాది వెనక లిఫ్టు ఒక్కటీ చాలనిపిస్తుంది. రోటవేటరు ఎత్తుతుంది, గొర్రు దించుతుంది, ఇంకేం కావాలి? రెండో ఏడాదికి కోరికలు మొదలవుతాయి. మామిడి తోటలో సాలు చివర తిప్పుకొని దున్నే రివర్సబుల్ నాగలి కావాలి. ట్రక్కు తొట్టిని జాకీతో లేపి పశువుల ఎరువు ఒక్క ఊపులో కుమ్మరించాలి. చెట్టు మొదలు దగ్గరికి రాగానే పక్కకు జరిగే రోటవేటరు కావాలి. టాప్ లింకు పొడవు సీటు మీద నుంచే మార్చుకోవాలి. వీటన్నిటికీ ట్రాక్టరు వెనక ఆయిల్ పాయింట్లు, అంటే పనిముట్టు హోసులు తగిలించే కప్లర్లు, ఉండాలి. చాలా చిన్న బండ్లకు కంపెనీ నుంచి అవి రావు, వచ్చినా ఒక్క జతతో సరిపెడతారు. మిగతావి వేయించుకోవాల్సిందే.

నాలుగు పైపులు, నాలుగు బోల్టులు అనుకుంటారు చూడనివాళ్లు. చేయి తిరిగిన మేస్త్రీ ఈ పని చేస్తుంటే పక్కన స్టూలు వేసుకుని చూడాలి. మంచి కచేరీలో కూర్చున్నట్టే ఉంటుంది నాకు.

చరిత్ర రెండు ముక్కల్లో చెబుతాను. ఐర్లండ్‌లో పుట్టిన హ్యారీ ఫెర్గూసన్ నాగలినీ ట్రాక్టరునీ మూడు పాయింట్ల దగ్గర కలిపి, ఆయిల్ ఒత్తిడితో ఎత్తి దించే పద్ధతిని 1936లో ఫెర్గూసన్-బ్రౌన్ బండితో అమ్మకానికి తెచ్చాడు. 1939లో ఫోర్డ్ 9ఎన్ దాన్ని ఊరూరికీ చేర్చింది. ఒంట్లో తిరిగే ఆ ఆయిల్‌ని బయట జాకీ దాకా పంపడం తర్వాతి మెట్టు. మన వైపు ఈ విద్య విజయవాడ ఆటోనగర్‌లో వేళ్లూనిందంటారు. లారీ టిప్పర్ల పంపులు విప్పి నేర్చుకున్నవాళ్లే ట్రాక్టర్లకు మళ్లారని అక్కడి పెద్దలు చెబుతారు. ఇప్పుడు మహీంద్రా ఓజా చిన్న ట్రాక్టర్లు మన జహీరాబాద్‌లోనే తయారవుతున్నాయి. బండి ఇక్కడే పుడుతున్నప్పుడు దాని మీద పనిచేసే చేతుల గురించి ఇక్కడివాళ్లం నాలుగు మాటలు రాసుకోవద్దా?

అసలు విద్య ఆయిల్ నడిచే దారిలో ఉంది. చిన్న ట్రాక్టర్లలో ఎక్కువ భాగం ఓపెన్ సెంటర్ పద్ధతివి. ఇంజను తిరుగుతున్నంతసేపూ గేరు పంపు ఆయిల్ తోస్తూనే ఉంటుంది. పని లేనప్పుడు ఆ ఆయిల్ వాల్వుల మధ్యగా, అడ్డు లేకుండా ప్రవహించి గేరు హౌసింగులోకి తిరిగి చేరుతుంది. పాయింట్ల కోసం పెట్టే కొత్త వాల్వుని ఈ ప్రవాహానికి అడ్డంగా కాక, ప్రవాహంలోనే కూర్చోబెట్టాలి. పంపు నుంచి వచ్చే ఆయిల్ ముందు కొత్త వాల్వు పీ పోర్టులోకి రావాలి. అక్కడ పని లేకపోతే పవర్ బియాండ్ పోర్టు గుండా లిఫ్టుకు వెళ్లాలి. జాకీ నుంచి వెనక్కి వచ్చే ఆయిల్ మాత్రం టీ, అంటే ట్యాంకు, పోర్టు గుండా, వేరే పైపులో, నేరుగా హౌసింగుకు పోవాలి. ముందు లోడరు ఉంటే దాని వాల్వు మొదట, వెనక పాయింట్లవి తర్వాత, లిఫ్టు అందరికన్నా చివర.

ఈ మూడు దార్లనీ విడదీసేది వేలెడంత లోహపు ముక్క, పవర్ బియాండ్ స్లీవ్. అది వేయకుండా టీ పోర్టు పైపునే లిఫ్టుకు కలిపేసే మహానుభావులున్నారు. మొదటి రోజు అన్నీ పనిచేస్తాయి. రైతు సంతోషంగా డబ్బులిచ్చి వెళతాడు. లిఫ్టు బరువెత్తినప్పుడల్లా ఆ ఒత్తిడి వెనక్కి తన్ని, ఒత్తిడి మోయడానికి పుట్టని టీ గదిలో చేరుతుంది. వాల్వు లోపల అటూ ఇటూ జరిగే కడ్డీ, అంటే స్పూలు, చివరి సీళ్లు తన్నుకొస్తాయి. ఒక్కోసారి పోత పోసిన వాల్వు ఒళ్లే పగులుతుంది.

అందుకే అసలైన మేస్త్రీ ముందు పానా పట్టడు, బండి ఏదని అడుగుతాడు. పాత మాస్సే 1035 అనగానే అతని ఆలోచన మారిపోతుంది. ఫెర్గూసన్ వంశపు ఆ బండిలో పంపు వెనక హౌసింగులో ఆయిల్లో మునిగి ఉంటుంది. దాన్ని అదుపు చేసే వాల్వు పంపు పీల్చుకునే వైపు ఉంటుంది. లివరు ఎత్తితేనే పంపుకు ఆయిల్ అందుతుంది, లేకపోతే లేదు. ఎడతెగని ప్రవాహమే లేని చోట ఓపెన్ సెంటర్ వాల్వు తెచ్చి తగిలిస్తే అది ఎవరి కోసం ఎదురుచూడాలి? ఈ తేడా తెలియనివాడిని నేను మేస్త్రీ అని పిలవను.

మరల సంగతి ఇంకా సూక్ష్మం. అరంగుళం బీఎస్‌పీ మరకీ అరంగుళం ఎన్‌పీటీ మరకీ అంగుళానికి పద్నాలుగే చుట్లు. కోణం మాత్రం ఒకదానిది 55 డిగ్రీలు, రెండోదానిది 60. ఒకదాంట్లో ఒకటి రెండు మూడు చుట్లు హాయిగా ఎక్కేస్తాయి. అక్కడే మోసం. ఆటోనగర్‌లో ఒక పెద్దాయన ఉన్నాడు, చూపు బాగా తగ్గింది. నిపిల్‌ని చూపుడువేలు, బొటనవేలు మధ్య తిప్పుతూ లోపలికి నడిపి, “ఇది దీని జత కాదు, ఆ డబ్బాలోది ఇవ్వరా అబ్బాయ్” అంటాడు. కుర్రాడు గేజి పెట్టి చూస్తాడు. పెద్దాయన మాటే నిజం. ఆయన దగ్గర తెల్ల టేపు కనపడదు. నీళ్ల కుళాయికి చుట్టే ఆ టెఫ్లాన్ టేపు పీలికలు ఊడి ఆయిల్లో కొట్టుకెళ్లి స్పూలుకీ వాల్వు ఒంటికీ మధ్య ఇరుక్కుంటాయి. ఆ సందు మైక్రాన్లలో ఉంటుంది. కాబట్టి ఓ-రింగో, రబ్బరు అంచున్న డౌటీ వాషరో తప్ప ఇంకోటి ముట్టుకోడు.

పైపుల విషయంలో నేను తటస్థుణ్ణి కాను. కదలని చోట ఉక్కు పైపు, కదిలే చోట మాత్రమే రబ్బరు హోసు అనే పాత మేస్త్రీల పక్షమే నాది. ఉక్కు పైపుని నొక్కు పడకుండా, గేరు హౌసింగు వంపును అనుసరిస్తూ, కొలత టేపు లేకుండా ఇనుప తీగతో అచ్చు తీసుకుని వంచే పనితనం ఉందే, దానికి ఎంత పొగడ్త అయినా తక్కువే. నూజివీడు వైపు మామిడి రైతు 24 హెచ్‌పీ బండికి ఆ పెద్దాయన రెండు స్పూళ్ల వాల్వు పెట్టడం చూశాను. ట్రాక్టరు ఒంటి మీద కొత్త బెజ్జం ఒక్కటి లేదు, వెల్డింగు చుక్క లేదు. ఉన్న బోల్టులనే కాస్త పొడవువి మార్చి, మందపాటి పలక వంచి బ్రాకెట్ చేశాడు. లివర్లు కూర్చున్నవాడి కుడిచేతికి వాటంగా, నడుం తిప్పకుండా అందాయి. బిగించే ముందు లిఫ్టు చేతుల్ని చివరిదాకా ఎత్తించి, చివరిదాకా దించి, పైపులు పీటీఓ షాఫ్టుకీ టైరుకీ ఎక్కడా తగలవని చూసుకున్నాకే క్లాంపులు వేశాడు. మరో జన్మంటూ ఉంటే ఆయన దగ్గర పానాలు అందించే కుర్రాడిగా చేరతాను.

స్పూలు ఎంపికలోనూ తెలివి ఉంది. నాగలి తిప్పే జాకీకి మధ్యలో రెండు పోర్టులూ మూసుకునే స్పూలు కావాలి. హైడ్రాలిక్ మోటారుకి మధ్యలో పోర్టులు తెరుచుకునేది కావాలి, లేకపోతే లివరు వదలగానే తిరుగుతున్న మోటారు ఒక్కసారి బిగుసుకుంటుంది. నేల వంపు వెంట తేలుతూ పోయే బ్లేడుకి ఫ్లోట్ గాడి ఉన్నది కావాలి. టాప్ లింకు జాకీకి లాక్ వాల్వు తప్పదు, ఎందుకంటే ఎంత మంచి స్పూలైనా కాస్త ఆయిల్ జారనిస్తుంది, దున్నుతుంటే నాగలి వాలు మారిపోతుంది.

బలం లెక్క కూడా వాళ్లకు నోటికి వచ్చు. 150 బార్ ఒత్తిడి దగ్గర ఐదు సెంటీమీటర్ల బోరు జాకీ సుమారు మూడు టన్నులు తోస్తుంది. అంతకన్నా నాకు నచ్చేది ఆయిల్ లెక్క. పది సెంటీమీటర్ల బోరు, అరవై సెంటీమీటర్ల స్ట్రోకు ఉన్న తొట్టి జాకీ పూర్తిగా లేస్తే దాదాపు 4.7 లీటర్ల ఆయిల్ తాగుతుంది. చాలా చిన్న బండ్లలో గేర్లకూ లిఫ్టుకూ అదే ఆయిల్. అంత ఆయిల్ ఒక్కసారి బయటికి పోతే మట్టం పడిపోయి పంపు గాలి పీలుస్తుంది. పైగా పక్కింటివాడి ట్రక్కు తెచ్చి తగిలిస్తే ఆ జాకీలోని మట్టి మన గేరుబాక్సులోకి వస్తుంది. ఇది ముందే హెచ్చరించి, కప్లర్లకు దుమ్ము మూతలు పెట్టి, కొత్త హోసుల్లోని రబ్బరు పొడిని ఆయిల్ పోసి కడిగేవాడే మేస్త్రీ.

ఇప్పుడు నా కడుపుమంట. ఊరూరా రోడ్డు పక్కన కొందరు పంపు పైపుకి టీ జాయింటు వేసి, చవక వాల్వు తగిలించి, అరపూటలో పని ముగిస్తున్నారు. ఓపెన్ సెంటర్‌లో టీ వేస్తే ఆయిల్ అడ్డం లేని దారినే పోతుంది, జాకీ లేవదు. లేవడం లేదని లిఫ్టు దారిని బిగదీస్తారు. ఇక పంపు పగలంతా, ఒత్తిడి మితిమీరితే తెరుచుకునే రిలీఫ్ వాల్వు మీద ఏడుస్తూ తిరుగుతుంది, ఆయిల్ కాగుతుంది, సీళ్లు గట్టిపడి పగులుతాయి, చివరికి పంపు పోతుంది. తిట్లు ట్రాక్టరు కంపెనీకి. నీళ్ల పైపుకి వేసే క్లిప్పుతో హోసు బిగించినవాణ్ణి కూడా చూశాను. అది చవక పని కాదు, ప్రాణాలతో చెలగాటం. సూది బెజ్జం నుంచి చిమ్మే ఆయిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చీమ కుట్టినంత గాయం, లోపల వేలు కుళ్లిపోతుంది. కారుతోందేమోనని చేత్తో తడమకండి, అట్టముక్క పెట్టి చూడండి. చర్మంలోకి పోయిందనిపిస్తే నొప్పి లేకపోయినా ఆ గంటలోనే సర్జన్ దగ్గరికి పరిగెత్తండి. పైపు విప్పే ముందు పనిముట్టు నేలకు దించి, ఇంజను ఆపి, లివర్లు అటూ ఇటూ ఆడించి ఒత్తిడి వదిలించండి.

పెద్దాయన దగ్గర ఇప్పుడు ఒక్క కుర్రాడే ఉన్నాడు. వాడూ హైదరాబాద్ వెళ్లి డెలివరీ బండి నడపాలని చూస్తున్నాడు. వాణ్ణి తప్పుపట్టలేను. రైతు పని బేరమాడేటప్పుడు టీ జాయింటు వాడి ధర చూపించి పెద్దాయన కూలి కోస్తుంటే వాడు ఏ ఆశతో ఉంటాడు? ఐటీఐలు నడిపేవాళ్లకు నా విన్నపం ఒక్కటే: ఆటోనగర్ నుంచి ఇలాంటి ఇద్దరు ముగ్గురు మేస్త్రీలను గౌరవంగా పిలిచి, నిలువునా కోసిన వాల్వు ఒకటి బల్ల మీద పెట్టి, పిల్లల చేత స్పూలు కదిలింపజేయండి. రైతు సోదరులకు ఇంకొకటి: పాయింట్లు వేయించే ముందు “ట్యాంకు పైపు ఎక్కడ కలుపుతావు, స్లీవ్ వేస్తావా, రిలీఫ్ ఎంతకు పెడతావు?” అని అడగండి. నీళ్లు నమిలితే బండి స్టార్ట్ చేసుకుని వచ్చేయండి. ముగ్గు పొడితో నేల మీద గీతలు గీసి చూపించేవాడు దొరికితే అడిగిన కూలి ఇచ్చి చేయించుకోండి.