చూరు మడిచిన చెయ్యి

ఖర్ర్‌మని ఒక చప్పుడు, ఆ వెంటనే మాడిన రబ్బరు వాసన. వెనక సీట్లో అమ్మ, అత్తయ్య, మా ఆవిడ. మంగళగిరి వెళ్తున్నాం. స్పీడ్ బ్రేకర్ దిగిన ప్రతిసారీ అదే చప్పుడు. బండి ఆపి చూస్తే వెనక టైరు భుజం మీద చాకుతో గీరినట్టు చార. కొత్త అల్లాయ్ వీల్స్ వేయించి అప్పటికి తొమ్మిది రోజులు. ‘మీ బండికి పక్కాగా పడతాయి సార్’ అని బిగించి పంపిన షాపతను ఫోనులో ఒక్కటే మందు చెప్పాడు: ‘గ్రైండర్ పెట్టి ఫెండరు అంచు కోయించెయ్యండి.’

కోయించలేదు. కోయించకుండా ఆపింది విజయవాడ ఆటోనగర్‌లో ఒక టింకరింగ్ మేస్త్రి. ఈ వ్యాసం ఆయన పనితనం గురించి. పేరు రాయొద్దన్నారు, రాయడం లేదు.

నాది 1996 నాటి మారుతి 800. 1983 డిసెంబర్ 14న ఇందిరాగాంధీ మొదటి కారు తాళాలు ఇచ్చిన నాటి నుంచి 2014 జనవరిలో ఆఖరి కారు బయటికొచ్చేదాకా మన మధ్యతరగతి ఇళ్ల ముందు నిలబడ్డ బండి. 796 సీసీ, మూడు సిలిండర్లు, పన్నెండు అంగుళాల చక్రాలు. ఆ చిన్న చక్రం పిసినారితనం కాదు. చక్రం ఎంత చిన్నదైతే దాని గూడు అంత చిన్నది, లోపల మనుషుల కాళ్లకు అంత చోటు. 1959లో ఇంగ్లండులో వచ్చిన మినీ కారును గీసిన ఇసిగోనిస్ ఇంకా ముందుకెళ్లి పది అంగుళాలతో సరిపెట్టాడు. ఆ మినీకి కూడా తర్వాతివాళ్లు పదమూడు ఎక్కించి, అంచులు కోసి, పైన ప్లాస్టిక్ రెక్కలు తగిలించుకున్నారు. కాబట్టి ఈ జబ్బుకు నేను మొదటి రోగిని కాను.

పన్నెండుకు బదులు పదమూడు, అంగుళమే కదా అనుకున్నాను. మేస్త్రి టేపు తీసి లెక్క చెప్పాకగానీ అర్థం కాలేదు. కంపెనీ టైరు 145/70 ఆర్12, నిలువునా 508 మి.మీ. నేను వేయించింది 155/65 ఆర్13, అది 532. అంటే ఇరుసు నుంచి పైకి 12 మి.మీ. ఎక్కువ. టైరు వెడల్పు 10 పెరిగింది, చెరో పక్కా అయిదు. అసలు దొంగ ఇవేవీ కాదు, ఆఫ్‌సెట్. డిస్కు బిగించే ముఖం చక్రం నడిమధ్య నుంచి ఎంత దూరంలో ఉందో చెప్పే అంకె అది. ఆ అంకె పది తగ్గితే చక్రం మొత్తం పది మి.మీ. బయటికి వచ్చేస్తుంది. షాపులో రంగు చూశాను, డిజైను చూశాను. డిస్కు వెనక పోతపోసిన ఆ అంకె మాత్రం చూడలేదు.

‘ముందు ఎక్కడ తగులుద్దో కనుక్కోవాలి సార్. కోయడం ఎవడికైనా వచ్చుద్ది’ అన్నారాయన.

కనుక్కున్న తీరు చూడాలి. బండి నడపనే లేదు. వెనక రెండు కాయిల్ స్ప్రింగులూ ఊడదీశారు. స్ప్రింగు లేకపోతే ఇరుసు జాకీ మాట వింటుంది. టైరు భుజం చుట్టూ తడి సుద్ద రాసి, ఇరుసు కింద జాకీ పెట్టి, రబ్బరు స్టాపరు పూర్తిగా నలిగేదాకా లేపారు. అయిదుగురు ఎక్కి గోతిలో పడితే చక్రం ఎక్కడిదాకా వస్తుందో అక్కడికి, షెడ్డులోనే. చేత్తో టైరు నెమ్మదిగా తిప్పుతూ, రెండో చేత్తో టార్చి పట్టుకుని లోపలికి చూశారు. ఫెండర్ చూరు లోపలి అంచు మీద సుద్ద చార పడింది. గడియారం ముల్లులా చెప్పాలంటే పదకొండున్నర నుంచి ఒంటిగంట దాకా. రెండో పక్క చార సగమే. నాకు వింతగా అనిపించింది, ఆయనకు కాదు. ఆ వెనక ఇరుసును పక్కకు జరక్కుండా ఒక అడ్డ కడ్డీ పట్టుకుని ఉంటుంది. కడ్డీ ఒక కొస బాడీకి, ఇంకో కొస ఇరుసుకి. ఇరుసు పైకి లేచేకొద్దీ కడ్డీ వంపు తిరుగుతూ దాన్ని కొద్దిగా ఒక పక్కకు నెడుతుంది. అందుకే రెండు పక్కలా ఒకేలా తగలదు. రెండు పక్కలా చూరును ఒకే కొలతకు మడిచే మేస్త్రి ఒక పక్క అనవసరంగా రేకు పాడు చేస్తాడు.

ముందు చక్రాల సంగతి వేరు. స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు టైరు వెనక అంచు ఫెండరు కింది మూలకు, లోపలి ప్లాస్టిక్ రేకుకు రాసుకుంటోంది. స్టీరింగు ర్యాకులో వాషర్లు వేసి తిరుగుడు తగ్గిస్తే సరిపోతుందని కొందరంటారు. ఆయన ఒప్పుకోలేదు. ఇరుకు సందులో ఒక్క తిప్పుతో తిరిగిపోవడం ఈ బండికున్న వరం, దాన్ని ఎందుకు పోగొట్టాలి? ముందు ఫెండరు వెల్డింగు కాదు, బోల్టులతో బిగించింది. బోల్టులు వదులు చేసి, వాషర్లు పెట్టి, మూలను మూడు మి.మీ. బయటికి జరిపారు. తలుపుకీ ఫెండరుకీ మధ్య సందు పైనుంచి కిందికి ఒకేలా ఉందా అని అరడజనుసార్లు వేలు పెట్టి చూశారు. ఆ తర్వాత షాక్ అబ్జార్బర్‌ను నకిల్‌కు, అంటే చక్రాన్ని మోసే ముక్కకు, పట్టే రెండు బోల్టుల దగ్గర అర డిగ్రీ క్యాంబరు, అంటే చక్రం వాలు, లోపలికి ఇచ్చారు. డిగ్రీకి ఈ సైజు టైరు పైకొస దాదాపు నాలుగున్నర మి.మీ. లోపలికి వాలుతుంది, అర డిగ్రీకి రెండు పైచిలుకు. అంతకుమించి వాలిస్తే టైరు లోపలి అంచు త్వరగా అరిగిపోతుంది. అక్కడే ఆపారు.

వెనక చూరు దగ్గరే అసలు విద్య. అక్కడ బయటి రేకు, లోపలి రేకు కలిసి మడతపడి, ఆ మడత మీదే స్పాట్ వెల్డింగు ఉంటుంది. షాపతను చెప్పినట్టు గ్రైండరు పెడితే వెల్డింగు చుక్కలన్నీ పోయి రెండు రేకులూ పుస్తకంలా విచ్చుకుంటాయి. మధ్యలోకి చక్రం చిమ్మే నీళ్లు పోతాయి. పైకి ఏమీ కనపడదు. రెండు వానాకాలాలు పోయాక పెయింటు బుడగలెత్తుతుంది. బాడీని కోసి మార్చేవాళ్లు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కూడా గుర్తుంచుకోవాలి. కంపెనీ కొలతలకు విరుద్ధంగా చేసిన మార్పులు చెల్లవని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది.

కాబట్టి మడవాలి. చక్రం తీసేసి హబ్బుకు ఒక పొడుగు చెయ్యి బిగించారు. ఆయనే చేసుకున్న పనిముట్టు. పాత హబ్బు పలక, పైపు ముక్క, కొసన ఒక పాత బేరింగు. హబ్బు చుట్టూ తిరుగుతుంది కాబట్టి బేరింగు చూరు గుండ్రాన్ని అనుసరించి పోతుంది. హీట్ గన్‌తో రేకు వేడి చేశారు. ఎంత వేడి అని అడిగితే అరచెయ్యి ఆన్చి చూపించారు. చెయ్యి ఉంచగలగాలి, కానీ తీసేయాలనిపించాలి. చల్లటి పెయింటు రేకుతో పాటు వంగదు, పగులుతుంది. మెత్తబడితే సాగుతుంది. వేడి, ఒక విడత అటూ ఇటూ దొర్లించడం, ఆ చేతికున్న మరలో పావు చుట్టు బిగింపు, మళ్లీ వేడి. రేడియో ఆపించారు. చిటుక్కుమన్న చప్పుడు వినపడితే పెయింటు పోయినట్టేనట. పాతిక విడతలు లెక్కపెట్టి మానేశాను. చప్పుడు రాలేదు.

పూర్తిగా అతికేదాకా నొక్కలేదు. సుద్ద చార ఉన్న మేర, దానికి అటూ ఇటూ నాలుగు వేళ్ల వెడల్పు, అంతే. చూరు కిందికి వేలు పోనిస్తే ఆ మడత ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో తెలియదు. బయటి నుంచి చూస్తే అసలు పని జరిగినట్టే లేదు. నాకు ఆయన పనిలో గొప్పగా తోచింది ఇదే.

మళ్లీ సుద్ద, మళ్లీ జాకీ. చార పడలేదు. అప్పుడుగానీ లోపలి అతుకు జోలికి పోలేదు. మడిచినప్పుడు పాత సీలెంటు చిట్లుతుంది. దాన్ని గీకి, జింక్ ప్రైమరు వేసి, కొత్త సీలెంటు కుంచెతో అద్ది, పైన నల్లటి అండర్ కోటింగు. ముందే ఇదంతా పూసేస్తే తప్పు కనపడదని రెండో రోజుకు ఆపారట. ఒక లోపం చెప్పాలంటే తెల్ల బండికి ఆ నల్ల పూత ఒకచోట అంచు దాటి బయటికి కనపడుతోంది. ఆయనకు చూపించాను. ‘కింద కూర్చుని చూసేవాడికి కదా సార్’ అని నవ్వేశారు. రంగు విషయంలో ఆయన నిర్లక్ష్యాన్ని నేను ఒప్పుకోను.

స్పేసర్ల గురించి కూడా అడిగాను. టైరు లోపల షాక్ అబ్జార్బర్‌కు రాసుకుంటుంటే పనికొస్తాయి, బయట చూరుకు రాసుకునే బండికి వేస్తే రోగం ముదురుతుంది. పైగా స్పేసరు మందం మేరకు స్టడ్డు మీద నట్టు పట్టే మరలు తగ్గుతాయి.

వారం తర్వాత ఆ ముగ్గురినే ఎక్కించుకుని మంగళగిరి వెళ్లాను. స్పీడ్ బ్రేకర్లన్నీ దిగాం, చప్పుడు లేదు. మీటరు మాత్రం ఇప్పుడు తక్కువ చెబుతోంది. ముల్లు పాత లెక్కన 80 దగ్గరుంటే బండి నిజానికి 84లో ఉంటుంది. అంగుళం పెంచాలనుకునేవాళ్లు డబ్బు కట్టకముందే డిస్కు వెనక ఆఫ్‌సెట్ అంకె చదవండి. అప్పటికే కట్టేసి ఉంటే, గ్రైండరు కంటే ముందు సుద్దముక్క చేతిలోకి తీసుకునే మేస్త్రిని వెతుక్కోండి.