మందు గుణమూ పేటెంటు రూపమూ

కవిత్వంలో రూపం ముఖ్యమా, వస్తువు ముఖ్యమా అనే చర్చ మన సభల్లో ఎన్ని దశాబ్దాలుగా నడుస్తున్నదో పాఠకులకు తెలుసు. పాత వస్తువుకు కొత్త రూపం తొడిగి, దాన్నే కొత్త కవిత్వంగా చెలామణీ చేసేవారిని మనం రూపవాదులని విమర్శిస్తూ వచ్చాం. ఇటువంటి చర్చే 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టులో ఒక కొలిక్కి వచ్చింది. అక్కడ విచారణకు వచ్చింది కవిత కాదు, రక్తకేన్సరు మాత్ర. కాని ప్రశ్న మాత్రం మనదే: తెలిసిన పదార్థానికి కొత్త రూపం వస్తే అది కొత్త సృష్టి అవుతుందా?

ఈ తీర్పు మీద లాయర్లు రాశారు, ఆర్థికవేత్తలు రాశారు. మన సాహిత్య విమర్శ దాన్ని తన పనిగా భావించలేదు. పిల్లలకు తెలుగు పాఠం చెప్పుకునే నాకు ఆ కేసంతా ఒక్క వాక్యం చుట్టూ తిరిగిన అర్థవివాదంగా కనిపిస్తుంది. ఆ వాక్యాన్ని ఒక రచనను చదివినట్టుగా చదవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఏ రచననైనా దాని చరిత్ర నుంచి విడదీసి చదవకూడదు. 1911లో వలస పాలకులు చేసిన పేటెంటు చట్టం స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఇరవై ఏళ్ళకు పైగా అమలులో ఉంది. పేటెంట్లలో అత్యధిక భాగం విదేశీ కంపెనీలవే. జస్టిస్ రాజగోపాల అయ్యంగార్ కమిటీ 1959లో ఇచ్చిన నివేదిక ఈ స్థితిని ఎత్తిచూపింది. దాని పునాది మీద 1970లో కొత్త చట్టం వచ్చి, 1972 నుంచి అమలయింది. ఆహారం, మందుల విషయంలో పదార్థం మీద పేటెంటు ఉండదనీ, తయారుచేసే పద్ధతి మీద మాత్రమే, అదీ ఏడేళ్ళకు మించకుండా ఉంటుందనీ ఆ చట్టం చెప్పింది. గోంగూర పచ్చడి మీద ఎవరికీ హక్కు లేదు, నువ్వు కొత్తగా నూరిన తీరు మీద మాత్రమే నీకు హక్కు అన్నట్టు. వేరే పద్ధతిలో అదే మందు చేయగలిగినవాడు నిరభ్యంతరంగా చేసుకోవచ్చు.

సోవియట్ సహకారంతో ప్రభుత్వరంగంలో నెలకొన్న ఐడిపిఎల్ కర్మాగారం హైదరాబాదులోని బాలానగర్‌లో రసాయనవేత్తలను తయారుచేసింది. 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించిన అంజిరెడ్డి కూడా అంతకుముందు అక్కడ పనిచేసినవారే. ఇవాళ హైదరాబాదు మందుల నగరమని గర్వంగా చెప్పుకుంటున్నామంటే, దాని వెనుక కొందరు వ్యాపారుల ప్రతిభతో పాటు ఒక ప్రభుత్వ కర్మాగారమూ, ఒక చట్టమూ ఉన్నాయని మరచిపోకూడదు.

1995లో ప్రపంచ వాణిజ్య సంస్థ ఏర్పడటంతో ఆ చట్టానికి కాలం చెల్లింది. 2005 నుంచి మందు పదార్థం మీదే ఇరవై ఏళ్ళ పేటెంటు ఇవ్వక తప్పలేదు. అయితే ఆ ఏడాది పార్లమెంటు చేసిన సవరణలో, వామపక్షాల పట్టుదల కారణంగా కొన్ని రక్షణలు నిలిచాయి. వాటిలో ముఖ్యమైనది 3(డి) సెక్షను. దాని సారం ఇది: తెలిసిన పదార్థానికి కొత్త రూపం కనుగొన్నంత మాత్రాన, దానివల్ల ఆ పదార్థపు ప్రభావం పెరగకపోతే, అది ఆవిష్కరణ కాదు. లవణాలు, స్ఫటిక రూపాలు, మిశ్రమాలు వగైరాలను అదే పదార్థంగా ఎంచాలని దాని కింద ఒక వివరణ కూడా ఉంది.

ఈ వాక్యంలో మూడు మాటలు గమనించాలి. మొదటిది ‘కనుగొనడం’. ఉన్నదాన్ని చూడటం వేరు, లేనిదాన్ని కల్పించడం వేరని చట్టం ఇక్కడే గీత గీసింది. రెండవది ‘రూపం’. మూడవదీ, అసలైనదీ ‘ప్రభావం’. కేసంతా ఈ మూడో మాట మీదనే నడిచింది.

స్విట్జర్లాండుకు చెందిన నోవార్టిస్ కంపెనీ మందు గ్లీవెక్. అందులోని పదార్థం ఇమాటినిబ్ మెసిలేట్. ఇమాటినిబ్ పేటెంటుకు మూలమైన దరఖాస్తులు 1993 నాటివి. మందుల మీద పదార్థ పేటెంటు అప్పుడు మన దేశంలో లేదు. 1998లో కంపెనీ ఆ పదార్థపు బీటా స్ఫటిక రూపానికి ఇక్కడ పేటెంటు అడిగింది. గ్లీవెక్ నెలకు సుమారు 1,20,000 రూపాయలు. అదే మందును దేశీయ కంపెనీలు ఎనిమిది, పది వేలకు అమ్మేవి. పేటెంటు ఇవ్వరాదని అభ్యంతరం చెప్పినవారిలో హైదరాబాదుకు చెందిన నాట్కో కంపెనీ ఉంది, కేన్సరు రోగుల సహాయ సంఘం ఉంది. 2006లో చెన్నై పేటెంటు కార్యాలయం దరఖాస్తును తిరస్కరించింది. చివరకు వివాదం సుప్రీంకోర్టుకు చేరింది.

కంపెనీ వాదన ఏమిటి? ఈ స్ఫటికం పొడి బాగా జారుతుంది, తేమను తక్కువ పీలుస్తుంది, నిలకడగా ఉంటుంది. ఎలుకల మీద చూస్తే మందు ఒంటికి పట్టడం 30 శాతం ఎక్కువ. జస్టిస్ ఆఫ్తాబ్ ఆలం, జస్టిస్ రంజనా ప్రకాశ్ దేశాయ్ ఈ వాదనను అంగీకరించలేదు. మందు విషయంలో ప్రభావమంటే చికిత్సలో ప్రభావమేనన్నారు. పొడి జారడానికీ రోగం తగ్గడానికీ సంబంధం లేదు. ఒంటికి ఎక్కువ పట్టడంవల్ల చికిత్స మెరుగయిందని వేరే రుజువు కావాలి, ఆ రుజువు చూపలేదు. కాగితం బాగుంది, అచ్చు బాగుంది, అట్ట బాగుంది అని చెప్పుకొచ్చిన ప్రచురణకర్తను, ‘సరేనయ్యా, కథ ఏమైనా మారిందా?’ అని విమర్శకుడు అడిగినట్టుగా ఉంది ఆ తర్కం.

ఇంగ్లీషులో అంతగా వివాదమైన ఆ మాటకు తెలుగులో జనం వాడుకలోనే సమాధానం ఉంది. వైద్యుడి దగ్గరికి వెళ్ళివచ్చినవాణ్ణి మనవాళ్ళు ‘గుణం కనిపించిందా?’ అని అడుగుతారు. మందు రంగు గురించి గాని, పొడి గురించి గాని అడగరు. గుణమంటే రోగికి కనిపించేది. రోగి వైపు నుంచి చూసే ఆ మాటనే న్యాయస్థానం ప్రమాణంగా తీసుకున్నది.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. పేటెంటు లేకపోతే పరిశోధనకు డబ్బు పెట్టేదెవరు? ఇది కొట్టిపారేయదగిన ప్రశ్న కాదు. ఇమాటినిబ్ నిజంగా గొప్ప మందు, దాన్ని తయారుచేసినవారి శ్రమ కాదనలేనిది. కాని ఆ మందుకు దారితీసిన క్రోమోజోము లోపాన్ని 1960లో ఫిలడెల్ఫియాలో గుర్తించినవారు ఏ మందుల కంపెనీ ఉద్యోగులూ కారు. సమష్టి జ్ఞానం మీద చివరి ఇటుక పెట్టినవాడికి కూలి ఇవ్వవచ్చు, గోడంతా రాసివ్వనక్కరలేదు. పైగా కోర్టులో తేలవలసింది మొదటి సృష్టికి ప్రతిఫలమా, కాదా అన్నది కాదు. దాని తర్వాతి రూపానికి మళ్ళీ ఇరవై ఏళ్ళ గుత్త హక్కు ఇవ్వాలా అన్నది. చాలామంది రోగులకు ఉచితంగా ఇస్తున్నామని కంపెనీ చెప్పింది. ఇచ్చింది కూడా. అయితే దానం దాత ఇష్టం, ధర మాత్రం అందరి మీదా పడే శాసనం.

గుత్త హక్కు పోతే ఏమవుతుందో ఇంకొక కేసులో అంకెలతో సహా తెలిసింది. బేయర్ కంపెనీ కేన్సరు మందు నెక్సావర్ నెలకు 2,80,428 రూపాయలు. అవసరమున్న రోగుల్లో రెండు శాతాన్ని కాస్త మించి మాత్రమే అది అందిందని పేటెంటు అధికారి తేల్చి, 2012 మార్చి 9న నాట్కోకు తప్పనిసరి లైసెన్సు ఇచ్చాడు. నాట్కో ధర నెలకు 8,880 రూపాయలు. బేయర్‌కు అమ్మకాల మీద ఆరు శాతం రాయల్టీ, తర్వాత ఏడు శాతం. దేశంలో ఇటువంటి లైసెన్సు అదే మొదటిది. 2013లో ఒకటి, 2016లో ఒకటి ఇటువంటి దరఖాస్తులు వీగిపోయాయి.

అలాగని పోటీ ఒక్కటే రోగిని ఆదుకుంటుందని నమ్మడం పొరపాటు. బజారులో వంకాయలు కొనేవాడు నాలుగు బుట్టలు చూసి ఏరుకుంటాడు. మందు చీటీ రాసేది ఒకరు, సీసా అందించేది మరొకరు, డబ్బు కట్టేది ఇంకొకరు. ఎంచుకునే అధికారం లేని కొనుగోలుదారు దగ్గర పోటీ ధర మీద జరగదు, పేరు మీద జరుగుతుంది. దేశీయ కంపెనీలు ఇక్కడ విదేశీ కంపెనీల శిష్యులే. అదే పదార్థానికి పదుల కొద్దీ పేర్లు పెడతాయి. రెండు మూడు మందులు కలిపి కొత్త బిళ్ళ అంటాయి. 2018 సెప్టెంబరులో ప్రభుత్వం చికిత్సా ప్రయోజనం లేదన్న కారణంతో 328 మిశ్రమ మందులను నిషేధించింది. గుణం లేని రూపమంటే ఇదే. జెండా మారినంత మాత్రాన రూపవాదం అభ్యుదయం కాదు.

ప్రభుత్వమూ తక్కువ తినలేదు. 1979లో 347 మందుల మీద ఉన్న ధరల అదుపు 1995 నాటికి 74కు కుదించుకుపోయింది. 2013 ఉత్తర్వు మరిన్ని మందులను అదుపు కిందికి తెచ్చింది గాని, కొలబద్దనే మార్చివేసింది. తయారీ ఖర్చు చూడటం మానేసి, మార్కెట్లో ఒక శాతమైనా వాటా ఉన్న బ్రాండ్ల ధరల సగటును పరిమితిగా పెట్టింది. అందరూ ఎక్కువకు అమ్మితే సగటూ ఎక్కువే. దీని పేరు ‘మార్కెట్ ఆధారిత’ ధర!

మన కథల్లో రోగం వచ్చిన ఇల్లు పొలం అమ్ముకుంటుంది, అప్పుల పాలవుతుంది. డాక్టరు దురాశాపరుడిగా కనిపిస్తాడు. ఆ మందుకు ఆ ధర ఎందుకుందో మాత్రం కథ అడగదు, ధర వానలా పిడుగులా పైనుంచి పడుతుంది. మద్యనిషేధ చట్టం పేదల బతుకుల్లో ఏం చేసిందో రావిశాస్త్రి ‘ఆరు సారా కథలు’లో చూపగలిగాడు. ఆయన న్యాయవాది, చట్టాన్ని లోపలి నుంచి ఎరిగినవాడు. ఆ చదువు ఇవాళ్టి రచయితకూ కావాలి.

ఎందుకంటే ఆ వాక్యం మీద యుద్ధం ముగియలేదు. మొండి క్షయకు వాడే బెడాక్విలిన్ మందు లవణ రూపం మీద జాన్సన్ అండ్ జాన్సన్ పేటెంటు అడిగితే, క్షయను జయించిన ఇద్దరు మహిళలు అభ్యంతరం దాఖలు చేశారు. ఒకరు మన దేశస్థురాలు, మరొకరు దక్షిణాఫ్రికా మనిషి. 2023 మార్చిలో ఆ దరఖాస్తు వీగిపోయింది. లేకపోతే 2023 జులైలో ముగిసిన గుత్త హక్కు 2027 చివరిదాకా సాగేది. పేటెంటు ఇవ్వకముందే ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చునన్న నిబంధన వల్లనే వాళ్ళకు ఆ అవకాశం దొరికింది. 2024 మార్చిలో మార్చిన నియమాలు ఆ అభ్యంతరానికి రుసుము పెట్టాయి. అది విచారణకు అర్హమా, కాదా అని ముందే తేల్చే అధికారం అధికారికి ఇచ్చాయి. అంటే విమర్శకుడు నోరు విప్పకముందే గుమ్మం దగ్గర టిక్కెట్టు అడుగుతున్నారన్నమాట.

అంచేత నాదొక ప్రతిపాదన. 3(డి) సెక్షనునూ, అభ్యంతరం చెప్పే హక్కు ఇచ్చిన 25వ సెక్షనునూ సులభమైన తెలుగులోకి తెచ్చి, మన సంఘం జిల్లా శాఖలు తమ సభల్లో చదివించాలి. మందుల షాపుల్లో పనిచేసేవారిని, నర్సులను, రోగుల ఇళ్ళవాళ్ళను ఆ సభలకు పిలవాలి. రూపం గురించీ సారం గురించీ వాళ్ళు మనకు చెప్పగలిగింది చాలా ఉంది.