ఎవరికి తెలియని ఊరు?

ఈమధ్య తెలుగులో వస్తున్న యూరప్ యాత్రల రాతల్లో ఒక మాట పదేపదే కనబడుతోంది: "ఎవరికీ తెలియని ఊళ్ళు". పారిస్, రోమ్ అయిపోయాయి. ఇప్పుడు ఎనిమిది మంది, ఒక వ్యాను, ఒక గైడు, కొండ మీద రాతి ఇళ్ళ ఊరు. ఇలాంటివి వరసపెట్టి చదివాను. ఫోటోలు బాగుంటాయి. చదవడం అయ్యాక ఆ ఊరి మనిషి ఒక్కడు కూడా గుర్తుండడు.

నాకిది కొంచెం సొంత గొడవ. మాది ఐరాల. కాణిపాకం మా మండలంలోదే. తిరుపతి నుంచి వచ్చే ప్యాకేజీ బండ్లు అక్కడ వినాయకుడికి దండం పెట్టించి, అట్నుంచటే వేలూరు దగ్గరి శ్రీపురానికి పోతాయి. ఐరాలకు ఎవరూ రారు. రమ్మని మేమూ అడగలేదు. ఒకసారి దారి తప్పిన కారొకటి మా చిన్నాయన టీ అంగడి ముందు ఆగింది. దిగినాయన, "ఈ ఊళ్ళో చూడ్డానికి ఏముందండీ?" అన్నాడు. చిన్నాయన గ్లాసు కడుగుతానే, "మేముండాం కదన్నా" అన్నాడు. ఆయన నవ్వి కారెక్కాడు.

"తెలియని ఊరు" అని చదివినప్పుడల్లా నాకా మాటే గుర్తొస్తుంది. తెలియనిది ఎవరికి? ఇటలీలో చివితా ది బాన్యోరెజ్జో ఉంది. విరిగిపడుతున్న గుట్ట మీద ఊరు, పోవడానికి ఒక్క నడక వంతెన. ఏడాది పొడుగునా ఉండేవాళ్ళు పట్టుమని ఇరవై మంది లేరు. 2013 నుంచి లోపలికి పోవాలంటే టికెట్. ఆస్ట్రియాలోని హాల్‌స్టాట్ జనాభా ఎనిమిది వందల లోపే. సెల్ఫీల రద్దీ తట్టుకోలేక 2023లో కొండలు కనబడకుండా చెక్క కంచె కట్టారు, గొడవయ్యాక తీసేశారు. మన యాత్రా రచయిత వంతెన గురించీ, టికెట్ ధర గురించీ, ఐస్‌క్రీం రుచి గురించీ రాస్తాడు. కంచె ఎందుకు కట్టాల్సి వచ్చిందో గైడు చెప్పడు కాబట్టి తనూ రాయడు.

1830 మేలో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్యా కష్టపడి పోయినవాడేం కాదు. పల్లకీ, వెంట పెద్ద పరివారం. మా వైపు తిరుపతి చూసుకుని కడప దారి పట్టాడు. అయినా మజిలీ మజిలీకీ నీళ్ళున్నాయా, అంగళ్ళున్నాయా, దిగడానికి చోటుందా, దారి ఎలాంటిది అని రాసుకున్నాడు. 1838లో అచ్చయిన 'కాశీయాత్ర చరిత్ర'లో పెద్ద క్షేత్రాలకంటే నాకు ఆ చిన్న మజిలీలే ఇష్టం. ఆయన చూపుకి కులం కళ్ళద్దాలున్నాయి, కాదనను. కానీ చూశాడు.

ఇక 'బారిస్టర్ పార్వతీశం' మొదటి భాగం 1924 నాటిది. కల్పనే, కానీ పరాయి దేశం పోయే తెలుగువాణ్ణి అంత నిజంగా చూపించిన యాత్రా పుస్తకం నాకింకా దొరకలేదు. ఆడవాళ్ళ టోపీ అని తెలియక పెట్టుకుంటాడు. అక్కడ చూసేది జనం, కనబడేది అతను. ఇప్పటి టూర్లలో ఆ ప్రమాదం లేదు. దారి గైడే చూపిస్తాడు, తిండి గైడే తెప్పిస్తాడు. ఎవరూ మనల్ని చూసి నవ్వరు. అందుకే ఆ రాతల్లో ఎదుటివాడి కన్ను ఉండదు.

చిన్న గుంపుగా పోవడం తప్పని కాదు. భాష రాని, మోకాళ్ళ నొప్పులున్న మా అమ్మలాంటివాళ్ళు ఇంకెలా పోతారు? నా పేచీ రాతతో. ఒక్క పూట గైడుని పడుకోమని చెప్పి, ఆ ఊరి రొట్టెల అంగడికి ఒంటరిగా వెళ్ళండి. అంగడావిడ వాళ్ళ భాషలో ఏదో అడిగితే మీరు బిక్కమొహం వేసుకుని నిలబడతారే, ఆ పేజీ రాయండి. చిన్నాయనకి చదివి వినిపిస్తాను.