ద్రుపద పురోహితుని సభాభాషణము - భీష్ముని తీర్పు

రాయబారమనగానే తెలుగువారికి తిక్కన కృష్ణుడును, తిరుపతి వేంకటకవుల నాటకమును స్ఫురించును. కృష్ణునికి ముందే కౌరవుల రాజకార్యసభలో పాండవపక్షమున మాటలాడిన ద్రుపద పురోహితుని తలచువారు అరుదు. వ్యాసభారత ఉద్యోగపర్వమున ఆయన ప్రసంగమును, దానిపై భీష్ముడు ఆ సభలోనే తెలిపిన అభిప్రాయమును వెంటవెంట నున్నవి. వక్త గుణదోషములను నిర్ణయించు పద్ధతిని పరిశీలించుటకు ఇది తగిన ఘట్టమని మేము తలచుచున్నాము.

ప్రసంగము క్రమము గలది. రాజధర్మము మీకు తెలిసినదే, అయినను మాటకు నాందిగా చెప్పుచున్నానని ఆరంభించి వక్త సభ్యుల గౌరవమును కాపాడెను. ధృతరాష్ట్రుడును పాండురాజును ఒక్క తండ్రి బిడ్డలు. పిత్రార్జితము సమానమైనపుడు ఒకరి కుమారులకు దక్కినది వేరొకరి కుమారులకు ఏల దక్కలేదని ప్రశ్నించెను. పిదప పాండవుల కష్టములను, శాంతికాంక్షను తెలిపెను. చివరకు ఏడక్షౌహిణుల సేనను, అర్జునాదుల పరాక్రమమును పేర్కొని, కాలము మించకముందే ఈయవలసినది ఈయుడని ముగించెను.

చెప్పినది సత్యమే గాని మిక్కిలి తీక్ష్ణము. అది బ్రాహ్మణ్యమువలన కలిగినదని తలచెదను - ఇది భీష్ముని తీర్పు సారము. తీరు నచ్చలేదని ఆయన విషయమును త్రోసిపుచ్చలేదు. ఇంతవరకు ఆ తీర్పు మనకు ఆదర్శమే.

తీక్ష్ణతకు చూపిన కారణముతో మాత్రము మేము ఏకీభవింపజాలము. అర్జునుని యుద్ధమున ఎవడు సహింపగలడని ఆ వెంటనే భీష్ముడే పలికెను. క్షత్రియవృద్ధుని నోటను ఆ మాట తీక్ష్ణమే గదా! కావున దోషమును పుట్టుకలో గాక, ప్రసంగ విన్యాసములో వెదకవలెను. బదులు చెప్ప వీలులేని దాయభాగప్రశ్న మొదట వచ్చి మరుగుపడెను. కోపముతో బదులీయ వీలైన సేనాప్రశంస చివర నిలిచెను. భీష్ముని మాట ముగియకమునుపే కర్ణుడు అడ్డుపడి, ఆ ప్రశ్నను విడిచి, జూదపు ఒడంబడికను, బెదరింపును పట్టుకొనెను. దుర్యోధనుడు భయమునకు అడుగు నేలయైనను ఈయడు, ధర్మమునకైనచో శత్రువునకైనను భూమినంతయు నిచ్చుననెను. ధర్మము పేరు చెప్పు అవకాశమును ప్రతిపక్షమునకు వక్తయే కల్పించెను.

అయినను ప్రయోజనమును విచారింపక తీర్పు చెప్పరాదు. ఈ మాటలవలన కౌరవ ప్రముఖులలో భేదము పుట్టుననియు, ఆలోపల పాండవులు సేనను కూర్చుకొందురనియు ద్రుపదుడు ముందే ఉపదేశించి పంపెను. భీష్మకర్ణులు సభలోనే వాదులాడిరి. ధృతరాష్ట్రుడు కర్ణుని మందలించి, సంజయుని పంపుటకు నిశ్చయించెను. సంధికి దోషమైన తీక్ష్ణత ద్రుపదుని ఉద్దేశమునకు గుణమైనది.

పరిశోధక విద్యార్థి విభాగసభలో పత్రము చదివినపుడు, "స్వభావము కటువు", "పల్లెనుండి వచ్చినవాడు గనుక బెదరినాడు" అని మనమును తేల్చివేయుట కలదు. ఆ మాట విని అతడు చేయగలిగినది లేదు. ఏ ప్రయోజనమునకు మాటలాడెనో విచారించి, ఏ అంశము చివర నిలువవలెనో, ఏది విడువవలెనో చెప్పినచో, మరుసటి సభనాటికి అతడు దిద్దుకొనగలడు.