అమ్మ ఎత్తుకున్న వరుసలు

ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే పాట పైన చిన్న అక్షరాల్లో రాగం, తాళం పేర్లు కనిపిస్తాయి. ముఖారి అని, బిలహరి అని, మోహన అని. ఆది అని, త్రిపుట అని. లూథరన్ గుడి, బాప్టిస్టు గుడి, సీఎస్ఐ గుడి అన్న తేడా లేకుండా తరాలుగా అందరి చేతుల్లో ఉన్న పుస్తకం అది. తొంభై మూడేళ్లు బతికి ఈ ఏడు ప్రభువునందు నిద్రించిన మా అమ్మ ఆ రాగాల పేర్ల జోలికి ఎన్నడూ పోలేదు. అయ్యగారు పాట నంబరు చెబితే చాలు, వరుస ఎత్తుకునేది. ఆమె పల్లవి ఒకసారి పాడేసరికి గుడంతా అందుకునేది.

అమ్మ పుట్టింది గుండ్లకమ్మ ఏటి దరి పల్లెలో. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర ఆ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో అమ్మ వాళ్ల నాయనమ్మ ఒకరని మా ఇంట్లో చెప్పుకుంటారు. అంతకు ముందంతా కరువు. బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత పని కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి ఇప్పించాడు. కూలి కోసం మతంలో కలిశారన్న మాట పడకూడదని కరువు పని నడిచినన్నాళ్లూ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. ఆ పని ముగిశాకే ఏటిలోకి దిగారు. ఈ సంగతి అమ్మ ఎంతో గర్వంగా చెప్పేది. తన వాళ్లు తిండికి లొంగి రాలేదని ఆమెకు గట్టి నమ్మకం.

అప్పట్లో సంఘంలో చేరేవాళ్లకు మూడు కట్టుబాట్లు ఉండేవి. ఆదివారం పనికి పోకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి మామూలుగా ఉంటాయి గానీ, మాదిగపల్లెలో ఆదివారం పని మానడమంటే ఆసామికి ఎదురు తిరగడమే. దెబ్బలు తిన్నారు, కూలి పోగొట్టుకున్నారు. అలా తెగించి తెచ్చుకున్న ఆ ఒక్క రోజును వాళ్లు పాటతో నింపుకున్నారు.

చదువు రాని మనిషికి వాక్యం చేరాలంటే పాటను మించిన దారి లేదు. మిషను బడి పంతులు ఒక పాదం పాడితే జనం అదే పాదం తిప్పి పాడేవాళ్లు. పొలం నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, లాంతరు చుట్టూ కూర్చుని. ప్రతి చరణం తర్వాతా పల్లవికి రావాలి గనక, చరణం నోటికి రానివాళ్లు కూడా పల్లవి దగ్గర కలిసేవాళ్లు. కొన్ని రాత్రులు గడిచేసరికి చరణం కూడా వచ్చేసేది. సృష్టి, పాపం, సిలువ, పునరుత్థానం, తీర్పు, అన్నీ అలా చెవిలోంచే మనసుకెక్కాయి.

అమ్మకు చదువు కూడా పాటల్లోంచే వచ్చింది. బడికి పోయింది తక్కువ. కీర్తనలు అప్పటికే కంఠతా వచ్చు గనక పుస్తకం ఒళ్లో పెట్టుకుని, పాడుతూ, మాట వెంట వేలు కదుపుతూ, ఏ అక్షరం ఎలా పలుకుతుందో తనే పట్టుకుంది. పెళ్లయ్యే నాటికి బైబిలు చదివేది. తర్వాత స్త్రీల సమాజంలో ఎందరికో ఇదే పద్ధతిలో చదవడం నేర్పింది. "ముందు పాట రానీయండమ్మా, అచ్చరం దాని ఎనకే వస్తది" అనేది. వయోజన విద్య గురించి నేను విన్న మాటల్లో ఇంతకంటే తెలివైనది లేదు.

ఆ పుస్తకంలో ఎన్నో పాటలు పురుషోత్తము చౌదరివి. 1803లో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, క్రైస్తవుడై, సువార్త చెబుతూ తిరిగి, 1890లో కన్నుమూసిన కవి ఆయన. శాస్త్రీయ రాగాల్లో, పల్లవి, చరణాల కట్టుతో కీర్తనలు రాశాడు. అవి మిషను బడుల మీదుగా పల్లెలకు చేరాయి. కచేరీ జరిగే చోటు తొక్కనివ్వని ఆడవాళ్లు కలుపు తీస్తూ ముఖారి పాడారు. పేరు తెలియకుండా, ఎవరి అనుమతీ అడగకుండా పాడారు. ఉన్నది ఉన్నట్టు కూడా పాడలేదు. నాట్ల పాటల ఊపు కొంత కలిపారు, గొంతు ఎత్తలేని చోట దించారు, ఆర్తి ఎక్కువైన చోట సాగదీశారు. అమ్మ పుట్టింటి వైపు పాడే వరుసకూ, కాపురానికి వచ్చిన కందుకూరు వైపు పాడే వరుసకూ తేడా ఉండేది. ఆమెకు రెండూ వచ్చు. ఎవరి ఇంట్లో ప్రార్థన అయితే వాళ్ల వరుసే పాడేది. తెలుగువాళ్ల సంగీతం గురించి రాసేవాళ్లు ఈ పాటలకు ఇవ్వాల్సిన చోటు ఇవ్వలేదని నా అభిప్రాయం. ఈ గుళ్లను దాటి నడిచిపోతే తెలుగు పాట చరిత్ర సగమే అవుతుంది.

పాట దగ్గరే కాదు, ప్రార్థన దగ్గరా ఆడవాళ్లు ముందున్నారు. ఒంగోలు ప్రార్థన కొండ మీద 1854 జనవరి 1న తెల్లవారుజామున మోకరించింది ఐదుగురు. మిషనరీ జూయెట్ దొర, ఆయన భార్య, క్రిస్టియన్ నరసు, జూలియా, రూతు. అందులో ముగ్గురు ఆడవాళ్లు. ఆ లెక్క అమ్మ ఎవరినీ మర్చిపోనిచ్చేది కాదు.

ఆమె అసలు పనితనం చావింట్లో తెలిసేది. ఊళ్లో ఎవరు పోయినా ముందు అమ్మకు కబురొచ్చేది. వెళ్లి శవం తలాపున కూర్చుని కాసేపు ఊరుకునేది. ఏడ్చేవాళ్లను ఏడవనిచ్చేది. తర్వాత చాలా కింది శ్రుతిలో, ముసలివాళ్లు కూడా అందుకోగలిగేట్టు పాట మొదలుపెట్టేది. పసిబిడ్డ పోయిన ఇంట్లో పాడేది వేరు, పండు వయసు మనిషి పోయిన ఇంట్లో పాడేది వేరు. భర్త పోయిన పడుచు పిల్ల ఉంటే పరలోకం పాటలు వెంటనే ఎత్తుకునేది కాదు. ముందు ఆదరణ పాట, తెల్లవారే వేళకు నిరీక్షణ పాట. ఈ వరస ఏ వేదాంత కళాశాలా నేర్పలేదు. ఎన్నో ఇళ్లల్లో రాత్రంతా కూర్చుని ఆమె నేర్చుకున్నది.

ఒక్క విషయంలో మాత్రం పంతం. చివరి చరణం వదలకూడదు. ఇప్పుడు చాలా గుళ్లలో టైము చాలదని రెండు చరణాలతో ఆపేస్తున్నారు. "సగం పాటకే లేస్తే, సగం అన్నంలో విస్తరి లాగేసినట్టే నాయనా" అనేది. కష్టం చెప్పుకునే పాటల్లో ఊరట చివరి చరణంలోనే ఉంటుందని, దాన్ని వదిలేస్తే ఏడుపు మిగిలిపోతుందని ఆమె వాదన. నేనూ అంతే అంటాను.

కొత్త పాటల మీద ఆమెకు కోపం లేదు. మనవలతో చప్పట్లు కొట్టి పాడింది, కొన్ని నేర్చుకుంది కూడా. నాకూ లేదు. నా బెంగ వేరు. తెర మీద మాటలు పడతాయి గానీ వరుస పడదు. కీబోర్డులో ఉన్న బీటుకు సరిపడేలా పాత కీర్తనను కత్తిరించుకుంటున్నారు. సాగదీసే చోట్లు, ఆగే చోట్లు ముందుగా పోతున్నాయి. పుస్తకం ఎన్నిసార్లయినా అచ్చు వేసుకోవచ్చు. అందులో స్వరాలు లేవు, రాగం, తాళం పేర్లే ఉన్నాయి. ఆ పేర్ల నుంచి పల్లె వరుసను ఎవరూ తిరిగి తీయలేరు.

చివరి రోజుల్లో అమ్మ పాడినవి మా అక్క ఫోనులో పట్టింది. గొంతు వణికినా, దమ్ము ఆగినా, ఏ పాటనూ మధ్యలో వదల్లేదు. జ్ఞాపకార్థ కూడికలో పెద్దలు ఒప్పుకోవడంతో ఆమెకు ఇష్టమైన కీర్తనలు అన్ని చరణాలతో పాడాం. కూడిక పొడుగైంది. ఎవరూ లేచి వెళ్లలేదు.

మీ సంఘంలో కూడా ముందు వరసలో ఒక పెద్దావిడ ఉండే ఉంటుంది. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక ఆమె దగ్గర కూర్చోండి. పాడించుకుని ఫోనులో పట్టండి. వాయిద్యాలు వద్దు, గొంతు చాలు. ఏ ఊళ్లో, ఎవరి దగ్గర నేర్చుకుందో ఆమె నోటితోనే చెప్పించండి. రెండు చరణాలకే చాలనకండి, చివరి దాకా పాడనివ్వండి.