పినియన్ నట్టు విప్పే ముందు

పాత కారన్నాక ఆయిల్ కారకుండా ఉంటుందా అని సరిపెట్టుకునేవాళ్లు చాలామంది. నేను ఒప్పుకోను. వెనక ఇరుసు మధ్యలో ఉబ్బెత్తుగా కనిపించే డిఫరెన్షియల్ నుంచి చుక్కలు పడుతున్నాయంటే దానికో కారణం ఉండి తీరుతుంది. ఆ కారణాన్ని వెతికి పట్టుకోగల మెకానిక్‌లు బెంగళూరులో ఇంకా ఉన్నారు. టౌన్‌హాల్ దగ్గర్నుంచి మినర్వా సర్కిల్ వైపు సాగే జె.సి. రోడ్డు, దాన్ని ఆనుకుని ఉన్న కలాసిపాళ్యం సందులు వాళ్ల సామ్రాజ్యం. కన్నడం, దక్కనీ ఉర్దూ, తమిళం, తెలుగు కలగలిసి వినిపించే ఆ సందుల్లో డిఫరెన్షియల్ ఆయిల్ సీల్ మార్చడం చిన్న పని కిందే లెక్క. చేతకానివాడి చేతిలో పడితే మాత్రం ఆ చిన్న పనే క్రౌన్, పినియన్ సెట్టును మింగేస్తుంది.

ఇంజిన్ బలాన్ని ప్రొపెల్లర్ షాఫ్ట్ వెనక్కి మోసుకొస్తుంది. అక్కడ చిన్న పినియన్ పెద్ద క్రౌన్ చక్రాన్ని తిప్పుతుంది. పినియన్ హౌసింగ్‌లోంచి బయటికి తల పెట్టే చోట ఉంటుంది సీల్. పూర్వం తోలుతో చేసేవారు, తర్వాత రబ్బరు వచ్చింది. లోపలున్నది మామూలు ఆయిల్ కాదు. అమెరికాలో ప్యాకార్డ్ కంపెనీ 1926లో హైపాయిడ్ గేర్లను కార్లలోకి తెచ్చింది. వాటిలో పినియన్ క్రౌన్ మధ్యరేఖకు దిగువన ఉంటుంది కాబట్టి పళ్లు ఒకదాని మీద ఒకటి గట్టిగా రాసుకుంటూ జారతాయి. ఆ ఒత్తిడికి తట్టుకోవడానికే ఆయిల్‌లో గంధకం కలిసిన మందు ఉంటుంది. గేర్ ఆయిల్‌కి ఉండే ఆ ఘాటు వాసన దానిదే. ఆయిల్ మట్టం తగ్గితే మొదట వినపడేది ఊళ. ఊళ వచ్చేనాటికి పళ్లు చెడిపోయి ఉంటాయి.

మంచి మెకానిక్ పాన పట్టే ముందు తడి ఎక్కడుందో చూస్తాడు. హౌసింగ్ ముక్కు దగ్గరుంటే పినియన్ సీల్. చక్రం లోపలి వైపు ఉంటే హబ్ సీల్, దాన్ని అసలు ఉపేక్షించకూడదు, ఆయిల్ బ్రేక్ లైనింగ్‌ను తడిపేస్తుంది. ఆ తర్వాత ఇరుసు మీదున్న బ్రీదర్ చూస్తాడు. ఆ సన్నని రంధ్రం మట్టితో పూడిపోతే, వేడెక్కిన గాలి పోయే దారి లేక సీల్‌నే తోసుకుని ఆయిల్‌తో సహా బయటపడుతుంది. అలాంటి బండికి ఎన్ని కొత్త సీళ్లు వేసినా దండగే. వానాకాలంలో నీళ్లు నిలిచిన అండర్‌పాస్‌లో కారు దిగినా ప్రమాదమే. వేడి ఇరుసు ఒక్కసారిగా చల్లబడి ఆ రంధ్రం గుండానే నీటిని పీల్చుకుంటుంది. విప్పి చూస్తే ఆయిల్ పాలలా తెల్లబడి ఉంటుంది.

అసలు విద్య పినియన్ నట్టు దగ్గరుంది. పినియన్‌ను మోసే రెండు బేరింగులూ కొంత బిగువులో ఉండాలి. ఆ బిగువును నిలిపేది ఈ నట్టే. కొన్ని కార్లలో బేరింగుల మధ్య గట్టి స్పేసర్, షిమ్‌లనే పల్చటి బిళ్లలు ఉంటాయి. కొన్నింట్లో నట్టు బిగించే కొద్దీ నలిగే స్పేసర్ ఉంటుంది. ఈ రెండో రకంలో ఒకసారి ఎక్కువ బిగిస్తే వదులు చేసినా లాభం లేదు, కొత్త స్పేసర్ వెయ్యాల్సిందే. అందుకే తెలిసినవాడు షాఫ్ట్‌కూ, దాన్ని పినియన్‌కు కలిపే ఫ్లాంజ్‌కూ గుర్తు పెట్టుకుని షాఫ్ట్ దించుతాడు, బ్రేకుల రాపిడి తగలకుండా వెనక డ్రమ్ములు ఊడదీస్తాడు. ఫ్లాంజ్‌కు గట్టి దారం చుట్టి, కొసను స్ప్రింగు త్రాసు కొక్కేనికి తగిలించి, నింపాదిగా లాగుతాడు. పినియన్ ఒకే వేగంతో తిరుగుతున్నప్పుడు ముల్లు ఎక్కడుందో అది రాసుకుంటాడు. నట్టు మీద, పినియన్ కొన మీద రంగు గీత పెడతాడు. అప్పుడు గాని నట్టు జోలికి వెళ్లడు. తిరిగి బిగించేటప్పుడు గీతలు కలిపి, మళ్లీ దారం చుట్టి, త్రాసు పాత అంకెనో, కొత్త సీల్ రాపిడికి అంతకు కాస్త పైనో చూపేదాకా కొద్దికొద్దిగా బిగిస్తాడు. ఎయిర్ గన్ పెట్టి ఒక్క క్షణంలో నట్టు బిగించేసే చోట ఈ ఓపిక ఉండదు. బిగువు ఎక్కువైతే బేరింగులు కాలిపోతాయి, తక్కువైతే పినియన్ ఊగి పళ్లు అరుగుతాయి.

నట్టు విప్పాక ఫ్లాంజ్‌ను సుత్తితో కాదు, పుల్లర్‌తో లాగాలి. దాని మీద సీల్ రాసుకునే చోట మంచి మెకానిక్ గోరు అడ్డంగా గీసి చూస్తాడు. గోరు తట్టుకుందంటే గాడి పడినట్టు. అక్కడ ఎంత కొత్త సీల్ అయినా నిలవదు. పల్చటి ఉక్కు తొడుగు వెయ్యాలి, లేదా సీల్ పెదవి అరగని చోట ఆనేలా దాన్ని రవ్వంత ఇటో అటో కూర్చోబెట్టాలి. లేత్ మీద నునుపు చేయించినా మరచుట్టులాంటి సన్నని గీతలు మిగలకూడదు. షాఫ్ట్ తిరుగుతుంటే ఆ గీతలే పంపులా ఆయిల్‌ను బయటికి తోడేస్తాయి. సీల్ స్ప్రింగు ఉన్న ముఖం ఆయిల్ వైపుండాలి. పెదవికి ఆయిల్ రాసి, సీల్ సైజుకు సరిపోయే పైపు ముక్క పెట్టి, అంచు చుట్టూ సమంగా దించాలి.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, ఉత్తరపారాలో అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. బొంబాయి కుర్లాలో పద్మిని, మద్రాసులో స్టాండర్డ్ హెరాల్డ్ అంతకు చాలా ముందే ఆగాయి. సీల్ ఇవాళ కూడా దొరుకుతుంది, మంచి క్రౌన్, పినియన్ జత దొరకడమే కష్టం. యాభై ఏళ్లు దాటి అసలు రూపం చెదరని బండ్లకు కేంద్రం 2021లో 'వి.ఎ.' అక్షరాలతో ప్రత్యేక రిజిస్ట్రేషన్ ఇచ్చింది. ఆ అసలు రూపాన్ని నిలబెడుతున్నది ఈ సందుల్లోని చేతులే. వాళ్ల దగ్గర పని నేర్చుకునే కుర్రాళ్లకు సరైన కూలి దక్కాలంటే, సీల్ ఖరీదు చూసి కూలి బేరమాడే అలవాటు మనం మానుకోవాలి.

మీ ఇంట్లో పాత కారుంటే, గ్యారేజీలో ఒక్క ప్రశ్న అడగండి: నట్టు విప్పే ముందు బిగువు కొలుస్తారా? కొలుస్తామన్నవాళ్లకే తాళాలివ్వండి.